ఇంటికప్పుపై సౌరవిద్యుత్తు: ఎవరికి గిట్టుబాటగును?



కారంచేడు ప్రాంతపు రైతునకు ఎండ విలువ ఒకరు చెప్పనక్కరలేదు. కళ్ళములో మిరపకాయ ఎండినను, పొగాకు ఆరినను అది సూర్యుని చలువయే. అదే ఎండను నేడు ఇంటి డాబాపై పట్టి విద్యుత్తుగా మార్చుకొనవచ్చును. ఇందుకై కేంద్ర ప్రభుత్వము 2024 ఫిబ్రవరిలో పి.ఎం. సూర్యఘర్ అను పథకమును ప్రారంభించినది. 2026-27 ఆర్థిక సంవత్సరాంతమునకు కోటి ఇండ్లపై ఫలకములు అమర్చుట దీని లక్ష్యము.

"సబ్సిడీ ఇచ్చుచున్నారు గదా, మేమును పెట్టించుకొనవచ్చునా?" అని రైతులు మమ్ములను అడుగుచుందురు. దీనికి అందరికి ఒకే జవాబు లేదు. ఎకరమునకు పెట్టుబడి ఎంత, రాబడి ఎంత అని చూచుకొని పైరు వేయునట్లే, దీనిని కూడ లెక్కకట్టి నిర్ణయించుకొనవలెను. ఆ లెక్క చేయు పద్ధతిని ఈ పాఠములో తెలుపుచున్నాము. పొలములోని పంపుసెట్టు విద్యుత్తు వేరు, ఇంటి మీటరు వేరు. ఇక్కడ చెప్పునది ఇంటి మీటరును గురించి మాత్రమే.

ఎంత చోటు, ఎంత విద్యుత్తు?

ఒక కిలోవాటు ఫలకములకు నీడ పడని చోటు సుమారు 100 చదరపు అడుగులు కావలెను. మన ప్రాంతమున ఒక కిలోవాటు రోజుకు సగటున 4 యూనిట్ల వరకు ఇచ్చును. ముసురు దినములను కూడ లెక్కలోనికి తీసికొని నెలకు 110 యూనిట్లని వేసికొనుడు. పగలు మీరు వాడగా మిగిలినది లైనులోనికి పోవును. రాత్రి మీకు కావలసినది లైనునుండి వచ్చును. నెట్ మీటరు ఈ రెండింటిని లెక్కించి, తేడాకు మాత్రమే బిల్లు వేయును.

బిల్లులోని కిటుకు

విద్యుత్తు ధర అన్ని యూనిట్లకు ఒకటి కాదు. మన రాష్ట్రములో 2022-23లో అమలులోనికి వచ్చిన గృహ రేట్లు ఇవి: మొదటి 30 యూనిట్లకు యూనిటుకు రూ. 1.90, 31 నుండి 75 వరకు రూ. 3; 76 నుండి 125 వరకు రూ. 4.50, 126 నుండి 225 వరకు రూ. 6, 226 నుండి 400 వరకు రూ. 8.75, ఆపైన రూ. 9.75. మీ తాజా బిల్లు చూచి వీనిని సరిచూచుకొనుడు. స్థిరచార్జీలు, ఇతర చార్జీలు వీనికి అదనము.

గడ్డివామిని పైనుండి తీసికొనుచు వచ్చినట్లు, సౌరవిద్యుత్తు మీ బిల్లులో పైనున్న ఖరీదైన యూనిట్లను ముందుగా తగ్గించును. కావున ఎక్కువ వాడు ఇంటికి లాభమెక్కువ. తక్కువ వాడు ఇంటికి లాభము తక్కువ. అసలు సంగతి ఇదే.

మూడు ఇండ్ల లెక్క

ఒక కిలోవాటుకు 70,000 రూపాయలు, రెండు కిలోవాట్లకు 1,30,000 రూపాయలు ధర చెప్పినారనుకొందము. కేంద్ర సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 చొప్పున, మూడవ దానికి 18,000 రూపాయలు; మొత్తము 78,000 రూపాయలకు మించదు. అనగా మన చేతినుండి పడునది ఒక కిలోవాటుకు 40,000, రెండింటికి 70,000 రూపాయలు.

మొదటి ఇల్లు: నెలకు 250 యూనిట్లు వాడును. ఈ రేట్ల ప్రకారము బిల్లు రూ. 1,236. రెండు కిలోవాట్లు పెట్టినచో 220 యూనిట్లు తగ్గి, మిగిలిన 30 యూనిట్లకు రూ. 57 అగును. నెలకు రూ. 1,179 మిగులును. పెట్టుబడి సుమారు 5 ఏండ్లలో తిరిగివచ్చును.

రెండవ ఇల్లు: నెలకు 150 యూనిట్లు. బిల్లు రూ. 567. ఒక కిలోవాటు పెట్టినచో మిగిలిన 40 యూనిట్లకు రూ. 87 అగును, నెలకు రూ. 480 మిగులును. పెట్టుబడి తీరుటకు 7 ఏండ్లు పట్టును. సబ్సిడీ ఎక్కువ వచ్చునని ఇదే ఇంటివారు రెండు కిలోవాట్లు పెట్టినచో, మిగులు విద్యుత్తుపై వచ్చు సొమ్ము కలుపక, 10 ఏండ్లు దాటును. మిగులు విద్యుత్తునకు మీరు కొను ధరయే వచ్చునని ఆశపడరాదు.

మూడవ ఇల్లు: రెండు బల్బులు, ఒక ఫంకా, ఒక టీవీ, నెలకు 60 యూనిట్లు. బిల్లు రూ. 147. ఒక కిలోవాటు పెట్టినను ఆ 147 మాత్రమే మిగులును. 40,000 రూపాయలు తీరుటకు 22 ఏండ్లు మించును. ఫలకములు 25 ఏండ్లు పనిచేసినను ఇన్వర్టరు అంతకాలము నిలువదు. ఈ ఇంటివారు దీనికై అప్పు చేయుట ఎంతమాత్రము తగదు.

అయితే బీదవానికి ఎండ అందదా? అందవలెను, కాని వాని అప్పుతో కాదు. షెడ్యూల్డు కులములు, తెగల కుటుంబములకు 2 కిలోవాట్ల వరకు ఉచితముగా అమర్చునట్లును, వెనుకబడిన తరగతులవారికి రెండు కిలోవాట్లపై మరి 20,000 రూపాయలు అదనముగా ఇచ్చునట్లును రాష్ట్ర ప్రభుత్వము 2025లో ప్రకటించినది. అట్టి కుటుంబములు తమ వంతు ఎప్పుడో విద్యుత్ కార్యాలయములో విచారించి, పేరు నమోదు చేయించుకొనవలెను. పై 20,000 వచ్చినచో మొదటి ఇంటి పెట్టుబడి మూడున్నర ఏండ్లలోనే తీరును.

అప్పు చేయుటకు ముందు

సబ్సిడీ ముందుగా రాదు. ఫలకములు అమర్చి, తనిఖీ జరిగి, మీటరు పెట్టిన పిమ్మట మీ బ్యాంకు ఖాతాలో పడును. అంతవరకు పూర్తి ధర మీరే సమకూర్చుకొనవలెను. బ్యాంకులు ఈ పథకము క్రింద హామీ ఆస్తి లేకుండ అప్పు ఇచ్చుచున్నవి. 70,000 రూపాయలకు 7 శాతము వడ్డీ, 7 ఏండ్ల గడువు అనుకొన్నచో నెలకు కిస్తీ సుమారు రూ. 1,056. మొదటి ఇంటికి ఇది మిగిలిన సొమ్ములోనే తీరును. రెండవ ఇంటికి తీరదు. మరియొక మాట. మన పంట సొమ్ము ఏడాదికి ఒకటి రెండు మార్లు వచ్చును. కిస్తీ నెలనెలా కట్టవలెను. పంట అమ్మిన నాడే కొంత సొమ్ము దీనికై వేరుగా ఉంచుట మంచిది.

గమనింపవలసిన సంగతులు

1. గడచిన 12 నెలల బిల్లులు ముందు వేసికొని సగటు తీయుడు. వేసవిలోని ఒక్క నెల చూచి పరిమాణము నిర్ణయింపరాదు.

2. ఫలకములు దక్షిణమునకు ముఖముగా, సుమారు 15 డిగ్రీల వాలులో ఉండవలెను. వేపచెట్టు, నీళ్ళ ట్యాంకు నీడ పడరాదు.

3. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటిన సంగతి మరువరాదు. చట్రమును డాబాకు గట్టిగా బిగింపించి, ఎర్తింగు తప్పక వేయించవలెను.

4. బ్యాటరీ లేని ఈ ఏర్పాటులో లైను కరెంటు పోయినచో ఫలకముల విద్యుత్తు కూడ ఆగిపోవును. లైనుపై పనిచేయువారి ప్రాణరక్షణకై ఇట్లు ఏర్పరచినారు.

5. నమోదైన సంస్థతోనే ఒప్పందము చేసికొనుడు. మన దేశములో తయారైన సెల్లులు, ఫలకములకే సబ్సిడీ వర్తించును.

6. దుమ్ము పట్టినపుడు ఎండ ఎక్కకముందే మంచినీటితో కడుగుడు. ఉప్పునీరు ఆరినచో మరకలు కట్టును.

ముగింపు

సబ్సిడీ ఎంతయని కాక, మన బిల్లు ఎంతయని ముందు అడుగవలెను. వాడకమునకు తగిన పరిమాణము పెట్టించుకొన్న ఇంటికి ఎండ పంటయే. పొరుగువానిని చూచి పెద్దది పెట్టించుకొన్న ఇంటికి అది మరియొక బాకీ. ఈ రాత్రి మీ ఇంటి బిల్లు తీసి, పై పద్ధతిన ఒకసారి లెక్క వేయుడు. ఆ పిమ్మటనే సంతకము చేయుడు.