ఒక్క వస్తువు దగ్గర పావుగంట

ఒడిశాలోని పొట్టంగి మీదుగా పోయే 26వ నంబరు జాతీయ రహదారిలో ఇటు సుంకి ఘాటు దిగితే సాలూరు, విజయనగరం. అటు వెళ్తే సిమిలిగుడ, కోరాపుట్. ఆస్పత్రికో, పరీక్షకో, పెళ్లి బట్టలకో ఈ దారిన బస్సెక్కేవాళ్లే ఎక్కువ. మ్యూజియం చూడ్డానికని బయల్దేరేవాళ్లు అరుదు. కోరాపుట్‌లో జగన్నాథుడి గుడి దగ్గరే గిరిజన మ్యూజియం ఉంది. గుడికొచ్చిన వాళ్లలో కొందరు ‘ఎలాగూ వచ్చాం కదా’ అని లోపలికి తొంగిచూసి, ఓ ఫొటో తీసుకుని, పది నిమిషాల్లో బయటపడతారు.

అక్కడే నష్టపోతున్నారు.

పొట్టంగి, నందపూర్, లమతాపుట్ ప్రాంతాల్లో గదబ గిరిజనులుంటారు. వాళ్ల ఆడవాళ్లు కెరంగ్ అనే వస్త్రం నేస్తారు. మొక్క బెరడు నుంచి నార తీసి, దారంగా పేని, ఇంటి దగ్గరే చిన్న మగ్గం మీద రంగు చారలతో నేసే బట్ట అది. ఇప్పుడు మిల్లు చీరలొచ్చాక ఆ మగ్గం చప్పుడు బాగా తగ్గింది. మ్యూజియంలో అలాంటి బట్ట ముందు పదో తరగతి పిల్ల పావుగంట నిలబడితే ప్రశ్నలు వాటంతటవే పుడతాయి. చారలన్నీ ఒకే వెడల్పులో ఎలా వచ్చాయి? రంగు దేనితో వేశారు? బెరడు నార ఒంటికి గుచ్చుకోదా? అద్దాల బీరువా పక్కన అతికించిన చీటీ వీటికి జవాబు చెప్పకపోవచ్చు. ఊళ్లో ఏ ముసలమ్మో చెప్పగలదు. ఆవిడ గడపలో కూర్చుని వినడం కూడా చదువే.

టికెట్ కొన్నవాడు డబ్బు గిట్టుబాటు కావాలని గదులన్నీ చుట్టేస్తాడు. ఉచితమైతే ఆ తొందర ఉండదు. ఒక్క వస్తువు చూసి, మళ్లీ ఇంకో రోజు రావచ్చు. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం 1759లో తలుపులు తెరిచింది. ఈనాటికీ అక్కడ సాధారణ ప్రవేశం ఉచితమే. మన అమరావతి శిల్పాలు కొన్ని అక్కడికి చేరాయి. వాటిని పైసా ఖర్చు లేకుండా చూడగలిగే అదృష్టం లండన్ తెలుగువాళ్లది! ఇక్కడైతే భారత పురావస్తు శాఖ మ్యూజియాల్లో పదిహేనేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. ఎప్పుడు వెళ్లాలా అంటే, మే 18న అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం. 1977 నుంచి జరుపుతున్నారు. మనకది వేసవి సెలవుల్లోనే పడుతుంది.

ఉచిత ప్రవేశం ఎంత దూరం తీసుకెళ్తుందో శాస్త్రవేత్త మైకేల్ ఫారడేకి తెలుసు. పుస్తకాలకు అట్టలు కుట్టే దుకాణంలో పని నేర్చుకుంటున్న ఇరవయ్యేళ్ల కుర్రాడికి, 1812లో ఆ దుకాణానికొచ్చే ఒకాయన రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకు టికెట్లిచ్చాడు. విన్నదంతా ఫారడే ఇంటికొచ్చి బొమ్మలతో సహా శుభ్రంగా రాసుకున్నాడు. తనే బైండు చేసి డేవీకి పంపాడు. మరుసటి ఏడాది ఆయన దగ్గరే సహాయకుడయ్యాడు. ఆ రోజుల్లో అదే హాల్లో కూర్చున్న మిగతావాళ్లూ ఆ మాటలే విన్నారు మరి.

పొట్టంగి కుర్రాడికి అసలు ఖర్చు ప్రవేశ రుసుము కాదు, బస్సు చార్జీ. అది ఎటూ ఉచితం కాదు. అందుకే వేరే పనికి కోరాపుట్ వెళ్లిన రోజే ఓ గంట మిగుల్చుకోవడం మేలు. నోటుపుస్తకం లేకపోతే బస్సు టికెట్ వెనక కూడా మూడు ప్రశ్నలు పడతాయి. తిరుగు బస్సు పొట్టంగి చేరేలోపు వాటిలో ఏది ఎవరిని అడగాలో తేల్చుకోవచ్చు.