కొత్త చిప్ వచ్చేదాకా ఆగాలా? ల్యాప్‌టాప్ కొనే ముందు ఒక చిన్న లెక్క



వేసవి సెలవుల్లోనో, దసరా ఆఫర్లప్పుడో చాలా ఇళ్లలో ఒకే చర్చ నడుస్తుంది. పాపకో బాబుకో ల్యాప్‌టాప్ కావాలి. బ్యాగులో బరువు లేకుండా సన్నగా ఉన్నదే కావాలి. మీరు డబ్బు సర్దుకుని షాపుకు బయలుదేరే సమయానికి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే బంధువుల అబ్బాయి ఫోన్ చేసి, "ఇప్పుడే కొనకండి బాబాయ్, తక్కువ పవర్‌తో నడిచే కొత్త ప్రాసెసర్ వస్తోంది. ఇంకో మూడు నెలలు ఆగండి" అంటాడు. కొనడం వాయిదా పడుతుంది. ఆ మూడు నెలలు ఆరు నెలలవుతాయి.

"నిదానమే ప్రధానం" అన్నదీ మన పెద్దలే, "ఆలస్యం అమృతం విషం" అన్నదీ మన పెద్దలే. ల్యాప్‌టాప్ విషయంలో ఏ మాట ఎప్పుడు వర్తిస్తుందో తేల్చుకోవడానికి కొంచెం సైన్సు, కొంచెం చరిత్ర తెలిస్తే చాలు.

ట్యాంకు, కుళాయి

ల్యాప్‌టాప్ బ్యాటరీని మేడ మీది నీళ్ల ట్యాంకులా ఊహించుకోండి. ట్యాంకులో ఎన్ని లీటర్లు పడతాయో చెప్పినట్టే, బ్యాటరీలో ఎంత శక్తి పడుతుందో వాట్-అవర్లలో చెబుతారు. కుళాయి ఎంత ధారగా కారుతుందో చెప్పేది వాట్లు. 50 వాట్-అవర్ల బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్ మొత్తం మీద 10 వాట్లు వాడుకుంటే 5 గంటలు నడుస్తుంది. 5 వాట్లే వాడుకుంటే 10 గంటలు నడుస్తుంది.

ట్యాంకును పెద్దది చేయవచ్చు కదా అనిపిస్తుంది. కానీ బ్యాటరీ పెరిగితే బరువు, మందం పెరుగుతాయి. విమానంలో ప్రత్యేక అనుమతి లేకుండా తీసుకెళ్లే బ్యాటరీకి 100 వాట్-అవర్ల పరిమితి కూడా ఉంది. అందుకే కంపెనీలు కుళాయిని బిగించే దారి పట్టాయి. తక్కువ పవర్ ప్రాసెసర్ అంటే అదే.

దీనివల్ల ఇంట్లో కరెంటు బిల్లు తగ్గుతుందని మాత్రం అనుకోకండి. 50 వాట్-అవర్ల బ్యాటరీని ఇరవై సార్లు నింపితే వెయ్యి వాట్-అవర్లు, అంటే దాదాపు ఒక్క యూనిట్. అసలు లాభం బ్యాటరీ ఎక్కువసేపు రావడం, వేడి తగ్గడం. ప్రాసెసర్ తీసుకునే విద్యుత్తంతా చివరికి వేడిగానే మారుతుంది. సన్నని పెట్టెలో పెద్ద ఫ్యాన్‌కు చోటుండదు. వేడి హద్దు దాటితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

పవర్ ఎలా తగ్గిస్తారు?

ప్రాసెసర్‌లో కోట్ల కొద్దీ చిన్న స్విచ్‌లు ఉంటాయి. అవి ఆన్, ఆఫ్ అయ్యేటప్పుడు ఖర్చయ్యే పవర్ వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వోల్టేజిని 10 శాతం తగ్గిస్తే 0.9 × 0.9 = 0.81. అంటే ఆ ఖర్చు 19 శాతం తగ్గుతుంది. పదో తరగతి పిల్లలు నోటి లెక్కగా చెప్పగలిగే విషయమిది. స్విచ్‌లను ఇంకా చిన్నవిగా చేయడం, తక్కువ వోల్టేజితో నడపడం, పని లేని భాగాలను నిద్రపుచ్చడం అనే మూడు పద్ధతుల్లోనే ఇన్నేళ్లుగా పురోగతి వచ్చింది. అయితే స్విచ్‌లను చిన్నవిగా చేయడం ఏటికేడు కష్టమవుతోంది. ఆలస్యాలకు ఒక ముఖ్య కారణం అక్కడే ఉంది.

ఆగినవారికి ఏం దక్కింది?

2013 జూన్‌లో ఇంటెల్ కంపెనీ హాస్వెల్ అనే తరం ప్రాసెసర్లను తెచ్చింది. వాటితో వచ్చిన 13 అంగుళాల మ్యాక్‌బుక్ ఎయిర్ బ్యాటరీ 12 గంటలు వస్తుందని ఆపిల్ చెప్పింది. అంతకుముందు ఏడాది మోడల్‌కు ఆ కంపెనీ చెప్పిన లెక్క 7 గంటలే. బ్యాటరీ మాత్రం 50 నుంచి 54 వాట్-అవర్లకే పెరిగింది. మార్పంతా దాదాపు కుళాయిలోనే. ఆ ఏడాది ఆగినవారు నిజంగా లాభపడ్డారు.

దాని తర్వాతి తరం బ్రాడ్‌వెల్. ఇంకా చిన్న స్విచ్‌లతో చేసే ఆ చిప్‌లలో లోపాలు ఎక్కువగా వస్తున్నాయని, ఉత్పత్తి ఒక త్రైమాసికం వెనక్కి జరుగుతోందని ఇంటెల్ 2013 అక్టోబరులో ప్రకటించింది. 4.5 వాట్లతో, ఫ్యాన్ లేకుండా నడిచే కోర్ ఎమ్ చిప్‌లను 2014 సెప్టెంబరులో విడుదల చేసింది. మామూలు సన్నని ల్యాప్‌టాప్‌లకు సరిపోయే రకాలు 2015 జనవరికి గానీ రాలేదు. అదే ఏడాది సెప్టెంబరుకల్లా వాటిని పాతవి చేస్తూ స్కైలేక్ తరం వచ్చేసింది.

దీన్ని మన విద్యా సంవత్సరంతో పోల్చి చూడండి. 2013 జూన్‌లో తొమ్మిదో తరగతిలో చేరిన పిల్లవాడికి, "తర్వాతి చిప్ వచ్చాక కొందాం" అని చెప్పి ఉంటే, ఆ చిప్ వచ్చేసరికి వాడు పదో తరగతి పబ్లిక్ పరీక్షల ముంగిట ఉంటాడు. ఆ ఏడాదిన్నరలో నేర్చుకోవాల్సిన ప్రోగ్రామింగ్, చేయాల్సిన ప్రాజెక్టులు వెనక్కి రావు.

ఆ తర్వాతా ఇదే తీరు. 2020 నవంబరులో ఆపిల్ ఎమ్1 చిప్‌ను ప్రకటించిన వారం రోజులకే, ఫ్యాన్ లేని మ్యాక్‌బుక్ ఎయిర్ అమ్మకానికి వచ్చింది. క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ఎలైట్‌ను 2023 అక్టోబరులో ప్రకటిస్తే, ఆ చిప్ ఉన్న ల్యాప్‌టాప్‌లు 2024 జూన్‌లో వచ్చాయి. ఒకచోట వారం, మరోచోట ఎనిమిది నెలలు. ప్రకటన రోజు వేరు, షాపులో చేతికందే రోజు వేరు.

ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు కొనాలి?

ఈ రెండు విషయాలూ కుదిరితేనే ఆగండి. ఒకటి, ఆ ల్యాప్‌టాప్ అమ్మకాల తేదీని కంపెనీ ప్రకటించి ఉండాలి. "వస్తుందట" అన్న మాట సరిపోదు. రెండు, ఆ తేదీకి ముందు మీ పిల్లలకు ల్యాప్‌టాప్‌తో తప్పనిసరి పని ఉండకూడదు. ఉదాహరణకు ఇంటర్ పరీక్షలు రాసి, ఇంజనీరింగ్‌లో చేరబోయే పెద్దబ్బాయికి కాలేజీ మొదలయ్యేదాకా ఆగవచ్చు. ఏ సాఫ్ట్‌వేర్ కావాలో కాలేజీవారే చెబుతారు. కొత్త మోడల్ వచ్చాక పాతదాని ధర సాధారణంగా తగ్గుతుంది కూడా.

పని ఇప్పటికే మొదలైతే ఆగకండి. అలాగని ఖరీదైనదే కొనాలనీ లేదు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు చేసే స్క్రాచ్, పైథాన్, ప్రెజెంటేషన్ల పనికి సరికొత్త ప్రాసెసర్ అక్కర్లేదు. ఇంట్లో పాత కంప్యూటర్ ఉంటే, హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డి వేయించండి. బ్యాటరీ పాడైతే మార్పించండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, అది విండోస్ 11కు మారగలదో లేదో మెకానిక్‌ను అడగండి.

షాపులో అడగాల్సిన ఐదు ప్రశ్నలు

1. బ్యాటరీ ఎన్ని వాట్-అవర్లు? "20 గంటల వరకు" అనే ప్రకటన కన్నా ఈ అంకె నమ్మదగినది.
2. ర్యామ్ ఎంత? తర్వాత పెంచుకోవచ్చా? సన్నని ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది. నాలుగైదేళ్లు వాడాలంటే మొదటే 16 జీబీ తీసుకోవడం మేలు.
3. మనకు కావాల్సిన సాఫ్ట్‌వేర్ దీనిలో నడుస్తుందా? స్నాప్‌డ్రాగన్ లాంటి ఆర్మ్ చిప్‌లున్న విండోస్ ల్యాప్‌టాప్‌లలో కొన్ని పాత ప్రోగ్రాములు, ప్రింటర్ డ్రైవర్లు పనిచేయకపోవచ్చు.
4. ఫ్యాన్ ఉందా? లేకపోతే చప్పుడుండదు, కానీ గంటల తరబడి వీడియో ఎడిటింగ్ లాంటి బరువైన పని చేస్తే వేగం తగ్గుతుంది.
5. సర్వీస్ సెంటర్ మన ఊళ్లో ఉందా?

పిల్లలతో కలిసి చేసి చూడండి

ఈ ఆదివారం ఇంట్లో ఉన్న ఏదైనా ల్యాప్‌టాప్‌తో ఈ ప్రయోగం చేయండి. చార్జర్ తీసేసి, బ్యాటరీ శాతం రాసుకోండి. స్క్రీన్ వెలుతురు పూర్తిగా పెట్టి ఒక గంట మామూలుగా వాడి, మళ్లీ శాతం చూడండి. 50 వాట్-అవర్ల బ్యాటరీలో 16 శాతం తగ్గిందంటే, గంటలో 8 వాట్-అవర్లు ఖర్చయ్యాయి. అంటే సగటున 8 వాట్లు. ఇప్పుడు వెలుతురు సగానికి తగ్గించి, అదే పని ఇంకో గంట చేసి చూడండి. బ్యాటరీ పాతదైతే దాని సామర్థ్యం తగ్గి ఉంటుంది కాబట్టి లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది. అది ఎందుకో కూడా పిల్లల్నే ఆలోచించమనండి.

రెండు గంటల ఖర్చునూ ఒక పట్టికగా రాసి, ఫిజిక్స్ టీచర్‌కు చూపించమని చెప్పండి. కొత్త చిప్‌లు ప్రతి ఏడాదీ వస్తూనే ఉంటాయి. మీ పిల్లల తొమ్మిదో తరగతి మాత్రం ఒక్కసారే వస్తుంది. ఆ లెక్క కూడా చూసుకుని నిర్ణయం తీసుకోండి.