పక్షవాతమును మెదడులోని రక్తపు సవ్వడియు

వైద్యుడు రోగి రొమ్మున స్టెతస్కోపు నుంచి గుండె చప్పుడు వినుట మనమందరము చూచినదే. మెదడులో రక్తము ప్రవహించు సవ్వడిని గూడ బయటినుండి వినవచ్చునని చెప్పినచో కొందరు వింతపడవచ్చును. పుఱ్ఱెను కోయక, నొప్పి గలిగింపక, రోగి మంచము ప్రక్కనే యా సవ్వడిని వినుటకు సాధనము కలదు. అంతియకాదు, పక్షవాతము వచ్చినవాడు మరల లేచి నడచునా, మాటలాడునా యను ప్రశ్నకు ఆ సవ్వడి కొంతవరకు జవాబు చెప్పుచున్నది. ఆ విధమెట్టిదో, ఆ జవాబును ఎంతవరకు నమ్మవచ్చునో యీ వ్యాసమున తెలిసికొందము.

మొదట మెదడు సంగతి చూతము. పెద్దవాని మెదడు సుమారు 1,400 గ్రాముల తూకము గలది. శరీరపు బరువులో నిది నూటికి రెండు పాళ్లు మాత్రమే. అయినను శరీరము వాడుకొను ప్రాణవాయువులో నూటికి ఇరువది పాళ్లు ఇదియే తీసికొనును. ఇందులకై నిమిషమునకు సుమారు 750 మిల్లీలీటర్ల రక్తము దీనికి చేరుచుండవలెను. మెదడు తన ఆహారమును నిలువచేసికొనజాలదు. ఏ పూట కూలితో ఆ పూట వండుకొను సంసారము వంటిది దీని బ్రతుకు.

ఈ రక్తమును మెడలోని నాలుగు ధమనులు, ముందు రెండు, వెనుక రెండు, పైకి మోసికొనిపోవును. మెదడు అడుగున ఇవి యన్నియు కలిసి ఒక వలయముగా నేర్పడును. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డునందలి థామస్ విల్లిస్ అను వైద్యుడు 1664లో ప్రకటించిన గ్రంథమున దీనిని వర్ణించెను. కావున దీనికి విల్లిస్ వలయమని పేరు. ఆ గ్రంథమునకు బొమ్మలు గీచినవారిలో, తరువాత లండనులోని సెయింట్ పాల్ దేవాలయమును నిర్మింపజేసిన క్రిస్టొఫర్ రెన్ ఒకడు. ఈ వలయమునుండి ప్రక్కలకు పోవు పెద్ద శాఖకు మధ్య మస్తిష్క ధమని యని పేరు. ముఖమును, చేతిని కదలించు భాగములకు ముఖ్యముగా నిదియే రక్తమిచ్చును. చాలమందిలో మాటలాడు శక్తికి ఆధారమైన భాగము ఎడమ మెదడున నున్నది. దానికిని ఎడమవైపు ధమనియే ఆధారము.

పక్షవాతము రెండు విధములు. రక్తనాళము పగిలి రక్తము మెదడులోనికి చిందుట యొకటి. రక్తపు గడ్డ యడ్డుపడి నాళము మూసికొనుట రెండవది. ఎక్కువమందికి వచ్చునది రెండవదియే. గడ్డ యడ్డుపడినపుడు నడిమి భాగము కొద్ది నిమిషములలోనే చచ్చును. దానిచుట్టునున్న భాగము పని మానును గాని వెంటనే చావదు. కాలువ తెగిన పొలమును తలచుకొనుడు. కొంత పైరు ఎండిపోవును, కొంత వాడి తలవాల్చి యుండును. ఎండినదానికి నీరు పెట్టినను ఫలము లేదు. వాడినదానికి వేళకు నీరు అందెనా మరల తలయెత్తును. పెద్ద ధమని మూసికొన్న సామాన్య రోగిలో నిమిషమునకు సుమారు 19 లక్షల నాడీకణములు నశించునని అమెరికా వైద్యుడు జెఫ్రీ సేవర్ 2006లో లెక్క గట్టెను. కావున రోగి భవిష్యత్తు చాలవరకు ఒక్క ప్రశ్నపై నిలిచియున్నది: మూసికొన్న దారిని రక్తము మరల వచ్చెనా, వచ్చినచో ఎప్పుడు వచ్చెను?

దీనిని చెవితో తెలిసికొనుటకు మూలమైన సూత్రమును 1842లో ప్రేగు నగరమున క్రిస్టియన్ డాప్లరు అను ఆస్ట్రియా దేశపు పండితుడు ప్రకటించెను. రైలుబండి కూత వేయుచు మనవైపు వచ్చునపుడు హెచ్చు స్థాయిలోను, దాటిపోవునపుడు తగ్గు స్థాయిలోను వినబడుట మీరెఱిగినదే. 1845లో హాలండు దేశమున బైస్ బాలట్ అను శాస్త్రజ్ఞుడు బాకాలూదువారిని రైలుబండిపై నెక్కించి, ఈ సూత్రమును పరీక్షించి నిజమని కనుగొనెను. కదలుచున్న ఎఱ్ఱ రక్తకణములకు ధ్వని తగిలి తిరిగి వచ్చునపుడును ఇట్లే స్థాయి మారును. ఆ మార్పును కొలిచిన రక్తపు వేగము తెలియును.

అయితే పుఱ్ఱె యెముక ధ్వనికి గోడవలె అడ్డు నిలుచును. 1982లో నార్వే దేశస్థుడగు రూనె ఆస్లిడ్, స్విట్జర్లాండులోని బెర్న్ నగరమున పనిచేయుచు, తన తోడివారితో కలిసి దీనికి దారి చూపెను. కణతయొద్ద ఎముక పలుచన. అచ్చట సెకనునకు 20 లక్షల కంపనములు గల అతిధ్వనిని ప్రయోగించిన అది లోనికిపోయి మధ్య మస్తిష్క ధమనిని తాకి తిరిగి రాగలదు. భౌతికశాస్త్రము చదువు విద్యార్థులు ఈ లెక్క చేసి చూడవచ్చును. శరీరపు మెత్తని భాగములలో ధ్వని వేగము సెకనునకు సుమారు 1,540 మీటర్లు. రక్తపు వేగము 60 సెంటీమీటర్లు, అనగా 0.6 మీటరు అనుకొందము. ధ్వని పోవునపుడొకసారి, వచ్చునపుడొకసారి మారును గనుక రెండుతో గుణింపవలెను. 2 × 20,00,000 × 0.6 ÷ 1,540 = సుమారు 1,560. మన చెవి సెకనునకు 20 మొదలు 20,000 వరకు గల కంపనములను వినగలదు. కావున అతిధ్వని మనకు వినబడకున్నను, ఈ భేదము మాత్రము చక్కగా వినబడును! యంత్రము దానినే సవ్వడిగా వినిపించి, తెరపై గీతగా గీయును. గుండె కొట్టుకొనిన ప్రతిసారియు గాలివీచినట్లు ఒక ఊపు వినవచ్చును.

పక్షవాతరోగికి రెండు కణతలను పరీక్షించి, చెడినవైపు సవ్వడిని మంచివైపు సవ్వడితో పోల్చుదురు. 2001లో డెంచుక్ అను వైద్యుడును ఆయన తోడివారును సున్న మొదలు అయిదు వరకు తరగతులుగల ఒక కొలమానమును ప్రకటించిరి. ప్రవాహమే వినబడకున్న సున్న. మంచివైపుతో సమానముగా నున్న అయిదు. మొదటనే మంచి ప్రవాహము గలవారు కోలుకొనుట కవకాశము హెచ్చు. సున్నకు దగ్గరనున్నవారికి తక్కువ. గడ్డను కరగించు మందిచ్చుచు విడువక వినిన, దారి తెఱచుకొను వేళయు తెలియును. కొందరికి ఒక్క నిమిషములోపుననే ప్రవాహము ఉరుకును. కొందరికి మెట్టుమెట్టుగా అరగంటలోపల వచ్చును. మఱికొందరికి అరగంట దాటియు మెల్లగా వచ్చును. మొదటివారే ఎక్కువగా కోలుకొనుచున్నట్లు కనబడినది. వాడిన పైరుకు నీరు త్వరగా అందుటయే యిందులకు కారణము.

ఇక దీని హద్దులను గూడ చెప్పవలెను. కొందరికి, ముఖ్యముగా వృద్ధ స్త్రీలకు, కణత యెముక మందమై ధ్వనిని లోనికి పోనీయదు. నాళము మూసికొన్నదో పగిలినదో నిర్ణయించుటకు మొదట సీ.టీ. పరీక్షయే కావలెను. చిన్న నాళముల సంగతి యీ సాధనమునకు అందదు. దారి తెఱచుకొన్నను అప్పటికే చచ్చిన భాగము బ్రతుకదు. రోగి వయస్సు, మొదటి దెబ్బ తీవ్రత, మధుమేహము మొదలగునవియు ఫలితమును మార్చును. ఈ ధ్వనియే గడ్డను కరగించుటకు తోడ్పడునని 2004లో ప్రకటింపబడిన యొక పరీక్ష ఆశ గొలిపెను గాని, 2019లో ప్రకటింపబడిన పెద్ద పరీక్షలో రోగుల కోలుకొనుట అందువలన హెచ్చినట్లు కనబడలేదు. కావున నిది వినుటకు సాధనమేగాని చికిత్స కాదు.

సూచన వేఱు, తీర్పు వేఱు. సవ్వడి మంచిది కాదని వినిన ఇంటివారు నిరాశపడి రోగిచేత అభ్యాసములు చేయింపక మానిన, వచ్చు కొద్ది శక్తియు రాకపోవును. మంచిదని వినిన రోగి రక్తపుపోటు మందులు మానిన, రెండవ దెబ్బ తగులవచ్చును. కోలుకొనుట మొదటి మూడు మాసములలో హెచ్చుగా నుండును. తరువాతను కొంత సాగుచునే యుండును. ఓర్పుతో నడిపించువారును, మాటలు మరల నేర్పువారును రోగికి మందువలెనే అవసరము.

విద్యార్థులారా, పెద్దలు పనికి పోయిన వేళ ఇంట తాతగారి యొద్దనో అవ్వగారి యొద్దనో ఉండువారు తరచుగా మీరే. వారి ముఖము అకస్మాత్తుగా ఒకవైపునకు జాఱినను, రెండు చేతులెత్తుమనిన ఒకటి క్రిందికి వాలినను, మాట ముద్దయైనను, అది పక్షవాతమని యెంచి వెంటనే 108కు ఫోను చేయించుడు. చివరిసారి వారు బాగుగా నున్న గంట ఎంతయో గుర్తుంచుకొనుడు. వైద్యుడు మొదట అడుగునది అదియే. గడ్డను కరగించు మందును సాధారణముగా నాలుగున్నర గంటలలోపుననే ఇయ్యవలెను. నోట నీళ్లు గాని మాత్రలు గాని వేయరాదు. మింగలేక ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. కాలు చేతులకు పావురము రక్తము పూసినయెడల నయమగునని మన ప్రాంతములలో కొందరు నమ్ముదురు. దానిని వెదకుచు పోగొట్టుకొన్న గంట మరల రాదు. సీ.టీ. పరీక్ష గల ఆసుపత్రికే తిన్నగా చేర్పవలెను.

మెదడులోని సవ్వడిని విని ఆశ చెప్పువాడు వైద్యుడు. ఆయన వినునప్పటికి వాడిన పైరు ఇంక ఎండక మిగిలియుండునట్లు చూచు భారము మాత్రము ఇంటనున్న మనది.