ఇంటి లోపలి నెట్‌వర్క్

చిరంజీవి మేనల్లునికి మేనమామ ఆశీస్సులు.

కోరుట్లలో కట్టుబడి సాగుతున్న ఇంటికి ఇంటర్నెట్ కనెక్షన్ తీసుకోవడమూ, ఇంట్లోని కంప్యూటర్లు, ప్రింటర్, కెమెరాలను ఒకదానితో ఒకటి కలపడమూ వేర్వేరు పనులని చిరంజీవి గ్రహించాలి. నెలసరి ప్యాకేజీని ఎప్పుడైనా మార్చుకోవచ్చు గాని, ప్లాస్టరింగ్ అయ్యాక కేబుల్ పైపులు వేయాలంటే మళ్లీ గోడలు చెక్కవలసి వస్తుంది కనుక, ఎక్కువ వేగానికి పెట్టదలచిన డబ్బులో కొంత ఈ లోపలి పనికి మళ్లించడం మేలు.

ఫైబర్ కేబుల్‌లో వెలుగు రూపంలో వచ్చే సమాచారాన్ని విద్యుత్ సంకేతాలుగా మార్చే పెట్టెను ఓఎన్‌టీ అంటారు. ఇంట్లోని ప్రతి పరికరానికి ఒక అంతర్గత చిరునామా ఇచ్చి, అన్నిటినీ బయటకు ఒకే చిరునామాతో పంపేది రౌటర్. ఇప్పుడు ఈ రెండూ తరచుగా ఒకే పెట్టెలో వస్తున్నాయి. 192.168తో మొదలయ్యే అంతర్గత చిరునామాలు 1996 నాటి ప్రమాణం ప్రకారం ప్రైవేటు నెట్‌వర్క్‌లకే కేటాయించినవి కనుక, జగిత్యాలలోని ఒక ఇంట్లోనూ దుబాయిలోని ఒక గదిలోనూ అదే అంకె కనిపించినా చిక్కు రాదు. బయటి కేబుల్ తెగినా కంప్యూటర్ నుంచి ప్రింటర్‌కు పత్రం వెళ్తూనే ఉంటుంది. పై అంతస్తుకు రెండో రౌటర్ కొంటే మాత్రం దానిని యాక్సెస్ పాయింట్‌గా, అంటే చిరునామాలు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చేదిగా మార్చాలి.

వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడలను కొంత బాగా దాటినా వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్ వేగవంతమైనదే గాని స్లాబు దాటేసరికి నీరసిస్తుంది. అందుచేత ప్రతి గదికీ క్యాట్-6 కేబుల్ వేయించాలి. అది 100 మీటర్ల వరకు నమ్మకంగా పనిచేస్తుంది. సిరిసిల్లలోలాగా సాంచాల (మరమగ్గాల) షెడ్డు ఇంటికి ఆనుకుని ఉన్నచోట, మోటార్ల కరెంటు తీగలున్న పైపులోనే రాగి నెట్‌వర్క్ కేబుల్‌ను దూర్చడం సరికాదు. షెడ్డుకూ ఇంటికీ మధ్య లోహపు తీగ లేని ఫైబర్ వేస్తే, గాజు విద్యుత్తును మోయదు కనుక, పిడుగుల కాలంలోనూ ఆ దారిన పరికరాలకు ముప్పు రాదు.

గల్ఫ్‌లో ఉన్నవారు ఇంటి కెమెరాలను ఫోన్‌లో చూసే వాడుక ఈ ప్రాంతంలో ఉన్నదే. అందుకే కెమెరాకు, రౌటర్‌కు కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌లను బిగించిన రోజే మార్చి, కొత్తవి ఇంటి పుస్తకంలో రాసుకోవాలి; బిగించడానికి వచ్చిన అబ్బాయి ఎంత మంచివాడైనా ఆ పుస్తకం అతనికి చూపనక్కరలేదు. చుట్టాలకు గెస్ట్ వైఫై చాలు.

ఇట్లు,
మేనమామ