చికాగో సిటీ కాలేజీలో చేరితే చిన్నతనమా?

ప్రశ్న: మా తమ్ముడి కుటుంబం చికాగోలో ఉంటోంది. వాళ్లబ్బాయి హైస్కూలు అయ్యాక సిటీ కాలేజీలో చేరతానంటున్నాడు. యూనివర్సిటీలో సీటు రానివాళ్లే అక్కడ చేరతారా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: కాదమ్మా, ఆ అనుమానం వదిలేయండి. నగరంలోని ఏడు ప్రభుత్వ కాలేజీలను ఒకే పాలకమండలి నడిపే వ్యవస్థ అది. 1911లో క్రేన్ జూనియర్ కాలేజీగా మొదలైంది. మాంద్యం రోజుల్లో, 1933లో, డబ్బుల్లేవని విద్యాబోర్డు దాన్ని మూసేసింది. జనం ఊరుకోలేదు. పేరుమోసిన న్యాయవాది క్లారెన్స్ డారో కూడా వాళ్లతో గొంతు కలిపారు. మరుసటి ఏడాదే ఒకటికి బదులు మూడు కాలేజీలు తెరుచుకున్నాయి. సామాన్యులు పట్టుబట్టి నిలబెట్టుకున్న చదువు కాబట్టే నాకు దానిమీద అంత గౌరవం. 1956 నుంచి టీవీలో పాఠాలు చెప్పి, ఇల్లు కదలలేనివాళ్లకూ డిగ్రీ అందించింది. తర్వాత మళ్లీ నడిచిన క్రేన్ కాలేజీకి 1969లో నల్లజాతి హక్కుల నేత మాల్కం ఎక్స్ పేరు వచ్చింది. ఇప్పుడక్కడ ఆరోగ్యరంగ కోర్సులకు పెద్దపీట.

మీవాడు రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ చేసి, ఆపైన యూనివర్సిటీలో మూడో ఏడాదికి మారొచ్చు. ఫీజు చాలా తక్కువ. చికాగో ప్రభుత్వ హైస్కూల్లో బాగా చదివినవాళ్లకు స్టార్ స్కాలర్‌షిప్ ఉంది. అయితే అక్కడ పూర్తిచేసిన కోర్సులకు వచ్చే ప్రతి క్రెడిట్‌నూ ప్రతి యూనివర్సిటీ ఒప్పుకోదు. అందుకని మొదటి సెమిస్టరు కోర్సులు ఎంచుకునే ముందే కాలేజీ సలహాదారును కలవమనండి. మీ మరదలికి ఇంగ్లిషు నేర్చుకోవాలని ఉంటే, పెద్దలకు అక్కడే ఉచిత తరగతులున్నాయి.