ఆట అందరిది, ఖర్చు ఎవరిది?

విద్యార్థి సంఘం వారు ఈ ఏటి సావనీరుకు అర్థశాస్త్రం మీద ఒక వ్యాసం రాసిమ్మని అడిగారు. ద్రవ్యోల్బణం గురించీ, బడ్జెట్టు లోటు గురించీ మన సావనీర్లలో ఇదివరకే చాలామంది పెద్దలు రాశారు. నేను ఒక ఆట గురించి రాయదలచాను. ఆటలో అర్థశాస్త్రమేమిటని కొందరు మిత్రులు నవ్వుకోవచ్చు. కాని ఆరుగురు కూర్చుని ఆడుకునే ఆటకు డబ్బెవరు పెట్టాలన్న చిన్న ప్రశ్నలోనే మన సిలబస్సులోని స్థిర వ్యయం, ఉపాంత వ్యయం, ఉమ్మడి వస్తువు అన్నీ ఇమిడి ఉన్నాయి. పైగా ఈ లెక్కలో నేను స్వయంగా ఒక తప్పు చేశాను. దాన్ని దాచకుండా చెబితేనే ఈ పాఠానికి విలువ.

ఆట స్వరూపం

ఈ ఆటను ఇంగ్లీషులో రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. మనం పాత్రధారణ ఆట అనుకోవచ్చు. ఒక బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు యోధుడు, ఒకరు మాంత్రికుడు, ఒకరు దొంగ, ఇలా తలా ఒక పాత్ర. వీరికి తోడు ఒక సూత్రధారి. "మీరు కోటగుమ్మం దగ్గరకు వచ్చారు. లోపల ఏదో చప్పుడైంది. ఏం చేస్తారు?" అని అతను అడుగుతాడు. "తలుపు తోస్తాను" అంటాడు ఆటగాడు. తలుపు తెరుచుకుందో లేదో పాచిక చెబుతుంది. బుర్రకథనూ పాచికలాటనూ కలిపినట్లుంటుంది. తేడా ఏమంటే, ఇక్కడ వినేవాళ్లు కూడా కథ చెబుతారు.

ఈ తరహా ఆటల్లో మొదట అచ్చయినది డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దాన్ని రూపొందించారు. 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి అది వెలువడింది. మూడు చిన్న పుస్తకాలు ఒక పెట్టెలో పెట్టి, మొదటి విడత 1,000 ప్రతులు తయారు చేశారు. వెల 10 డాలర్లు. ఆనాటి 10 డాలర్లంటే ధరల సూచీ ప్రకారం 2014లో ఇంచుమించు 48 డాలర్లు. పాచికలు వేరే కొనుక్కోవాలి. కుర్రకారుకు అది బరువే. అందుకే చాలామంది ఒక ప్రతి కొని, దానికి జిరాక్సులు తీసి పంచుకున్నారు. మన పాఠ్యపుస్తకాల గతి గుర్తుకొస్తోంది కదూ! ఆరిజోనాకు చెందిన కెన్ సెయింట్ ఆండ్రే 1975లో టనెల్స్ అండ్ ట్రోల్స్ అనే మరో ఆట వేశాడు. దానికి వింత పాచికలు అక్కరలేదు, ఇంట్లో ఉండే మామూలు ఆరు ముఖాల పాచికలు చాలు. అంటే ఖర్చు గొడవ ఈ ఆటతోపాటే పుట్టిందన్నమాట.

నా కథ

ఈ కళాశాలలో ఎం.ఏ. ముగించాక నేను పై చదువు కోసం అమెరికా వెళ్లాను. మధ్య పశ్చిమాన మంచు ఎక్కువగా కురిసే ఒక యూనివర్సిటీ ఊరు. 2014లో ఆ ఆటకు అయిదవ కూర్పు వచ్చింది. ఆటగాళ్ల పుస్తకం, రాక్షసుల పుస్తకం, సూత్రధారి పుస్తకం అని మూడు. ఒక్కొక్కటి 49.95 డాలర్లు. నా క్లాసుమేటు ఒకతను, అక్కడివాడే, రాత్రిళ్లు పిజ్జా దుకాణంలో పనిచేసేవాడు. ఆ సంవత్సరాంతానికి మూడూ తన డబ్బుతో కొన్నాడు. మమ్మల్ని పోగుచేసింది అతనే, సూత్రధారీ అతనే. మొత్తం ఆరుగురం. తెలుగువాళ్లం ఇద్దరం: నేనూ, ఒంగోలు వైపు నుంచి 2015 జనవరిలో కొత్తగా దిగిన ఒక కుర్రవాడూ.

మా అపార్టుమెంటులో వంట ఖర్చుల పుస్తకం రాసేది నేనే. అందుచేత ఇక్కడి లెక్కా నన్నే చూడమన్నారు. ఒక్కడే 150 డాలర్లు పెట్టుకోవడం అన్యాయమనిపించింది. 150ని 6తో భాగించాను, తలా 25. వారం వారం తెప్పించే పిజ్జాకు తలా 5. మొదటి నెల మనిషికి 45 డాలర్లు. అందరూ సరేనన్నారు. అర్థశాస్త్రం చదివినవాణ్ణి గనక న్యాయంగా పంచానని గర్వపడ్డాను కూడా.

ఒంగోలు కుర్రవాడు రెండు వారాలు వచ్చాడు. తన 25 ఇచ్చాడు, పిజ్జా డబ్బూ ఇచ్చాడు. పిజ్జా మాత్రం ముట్టుకోలేదు. మూడో వారం నుంచి రాలేదు. లైబ్రరీ దగ్గర కనిపిస్తే, "ఏమోయ్, రావడం మానేశావేం?" అని అడిగాను.

"అసైన్‌మెంట్లు ఎక్కువగా ఉన్నాయన్నా" అన్నాడు.

నమ్మాను. ఆ ఏడు ఉగాదికి తెలుగు విద్యార్థులమంతా ఒకచోట వంట చేసుకున్నాం. ఆకుల్లో వడ్డిస్తూ అతని రూమ్మేటు మాటల మధ్య అన్నాడు: "మీ ఆటకు నెలకయ్యే డబ్బుతో మా రూములో బియ్యం, పప్పు వచ్చేస్తాయి గదన్నా. వాడికింకా క్యాంపస్ ఉద్యోగం దొరకలేదు. బ్యాంకు లోను మీద వచ్చాడు." నా చేతిలో గరిట ఆగిపోయింది.

అమెరికాలో కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్లు. విదేశీ విద్యార్థి సెమిస్టరు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయరాదు. ఆ లెక్కన 45 డాలర్లు ఆరు గంటల పైచిలుకు పని. పనే దొరకనివాడికి అది అప్పు. నాటి మారకం రేటున దాదాపు 2,800 రూపాయలు. మన హాస్టల్లో డివైడింగ్ సిస్టమ్ మెస్సు నడిపినవారికి తెలుసు: ఊరికెళ్లినవాడికి ఆ రోజుల ఖర్చు తీసేస్తాం. నేను తినని పిజ్జాకు కూడా వాటా వసూలు చేశాను. మా మెస్ సెక్రటరీకి ఉన్నపాటి జ్ఞానం నాకు లేకపోయింది.

లెక్క విప్పి చూద్దాం

పుస్తకాల ధర అసలు ఎక్కువా, తక్కువా? మేము ఆ ఏడాదిలో 30 సార్లు ఆడాం. ఒక్కోసారి 4 గంటలు. ఆరుగురికి కలిపి 720 గంటల వినోదం. 149.85 డాలర్లను 720తో భాగిస్తే మనిషికి గంటకు 21 సెంట్లు. సినిమా టిక్కెట్టుతో పోలిస్తే ఇది ఖర్చే కాదు. మరి చిక్కెక్కడ? ఖర్చంతా మొదటి రోజునే పెట్టాలి, అదీ ఒక్కరే పెట్టాలి. స్థిర వ్యయమంటే ఇదే. ఆరో మనిషి కొత్తగా వచ్చి కూర్చుంటే పుస్తకాల ఖర్చు ఒక్క సెంటు కూడా పెరగదు. ఉపాంత వ్యయం సున్నా. ఉపాంత వ్యయం సున్నా అయిన చోట, డబ్బు లేదని మనిషిని బయట నిలబెట్టడం లెక్క ప్రకారం కూడా తెలివితక్కువ. అతను రాకపోతే ఎవరికీ ఏమీ మిగలదు, బల్లకు ఒక మనిషి తగ్గుతాడు.

ఇక రెండో లెక్క. ప్రతి ఆటకు ముందు సూత్రధారి కనీసం 3 గంటలు కూర్చుని కథ అల్లేవాడు, పటాలు గీసేవాడు. 30 సార్లకు 90 గంటలు. కనీస వేతనం కట్టినా 652 డాలర్ల 50 సెంట్లు! పుస్తకాల ధరకు నాలుగింతలకు పైన. మేమందరం 150 డాలర్ల గురించి తర్జనభర్జన పడ్డామే గాని, ఈ 652 డాలర్ల మాట ఒక్కరమూ ఎత్తలేదు. దానికి రశీదు లేదు గనక.

మాన్కర్ ఓల్సన్ అనే అర్థశాస్త్రవేత్త 1965లో ఉమ్మడి కార్యాల మీద ఒక ప్రసిద్ధ గ్రంథం రాశాడు. చిన్న బృందంలో ఆ పని ఎవరికి అందరికన్నా ఎక్కువ ఇష్టమో, భారం ఎక్కువగా వారి నెత్తిన పడుతుందని ఆయన చూపించాడు. మిగతావారు తమకు తెలియకుండానే టిక్కెట్టు లేని ప్రయాణీకులవుతారు. మా సూత్రధారి విషయంలో జరిగింది అక్షరాలా ఇదే. అదే 1965లో జేమ్స్ బుకానన్ క్లబ్బుల అర్థశాస్త్రం మీద వ్యాసం ప్రకటించాడు. కొంతమంది కలిసి అనుభవించే వస్తువుకు ఎంతమంది సభ్యులుండాలి, ఖర్చు ఎలా పంచుకోవాలి అన్నది అందులో విషయం. ఆయనకు 1986లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ రెండూ నేను పరీక్షకు బట్టీపట్టి రాసినవే. బల్ల దగ్గర మాత్రం గుర్తుకు రాలేదు.

మన ఊళ్ల పద్ధతి

బట్టీపట్టని పాఠం ఒకటి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా ఊళ్లో బుర్రకథ పెట్టిస్తే చందాలు పోగుచేసేవారు. మోతుబరి రైతు బస్తా ధాన్యం కొలిచేవాడు. చిన్న రైతు కుంచెడు ఇచ్చేవాడు. ఏమీ ఇవ్వలేనివాడు పందిరికి తాటాకులు మోసేవాడు. కథ మొదలయ్యాక ఎవరెంత ఇచ్చారని గుమ్మం దగ్గర అడిగేవాడు లేడు. కథకుడు మాత్రం తన చేతి డబ్బు పెట్టుకుని కథ చెప్పడు. ఆయనకు భోజనం పెట్టి, సంభావన ఇచ్చి పంపేవారు. వాటాలు సమానం కావు, ఆసనం సమానం. నేను అమెరికాలో సరిగ్గా దీన్ని తలకిందులు చేశాను.

ఉగాది మర్నాడు మా సూత్రధారికి విషయం చెప్పాను. అతను క్షణం ఆలోచించి, "అతని దొంగ పాత్ర నెల దాటి సత్రంలో నిద్రపోతూనే ఉంది. లేపాలి" అన్నాడు. ఆ రాత్రే పద్ధతి మార్చాం. పుస్తకాల వాటాలు రద్దు చేసి, వసూలైనది తిరిగి ఇచ్చేశాం. తలుపు దగ్గర మూతకు చీలిక పెట్టిన కాఫీ డబ్బా ఒకటి ఉంచాం. ఎవరి శక్తి కొద్దీ వారు వేయాలి, ఎవరెంత వేశారో ఎవరికీ తెలియకూడదు. అందులోంచి ముందు సూత్రధారి పెట్టుబడి తీర్చాలి. పిజ్జా స్థానంలో వంతులవారీగా ఇంటి వంట. కుర్రవాడు ఏప్రిల్‌లో తిరిగి వచ్చాడు. మొదటి వంతు తనదేనని పట్టుబట్టి పులిహోర కలుపుకొచ్చాడు. వేసవి సెలవుల్లోపే డబ్బా నుంచి 150 డాలర్లూ తీరిపోయాయి. చీలికలో ఎక్కువ వేసింది ఎవరో నాకు ఈనాటికీ తెలియదు.

ఇంకొక మార్పు కూడా వచ్చింది. సూత్రధారి అలసిపోయాడని గమనించి, శరదృతువులో రెండు రాత్రులు ఆ కుర్రవాడే ఆట నడిపాడు. పుస్తకం కొనలేదు. 2014లోనే ఆ సంస్థ మూల నియమాలను ఉచితంగా ఇచ్చింది, అవి చాలాయి. వాటాకు డబ్బు లేక దూరమైన మనిషి, మాలో ఎవరూ ఇవ్వని వాటా ఇచ్చాడు.

రచయిత మాటేమిటి?

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. అందరికీ ఉచితమంటే పుస్తకం రాసినవాడి గతేమిటి? న్యాయమైన ప్రశ్న. రచయిత, చిత్రకారుడు, ముద్రాపకుడు వీరందరి శ్రమా ఆ 49.95లో ఉంది. దొంగ ప్రతులు దించుకోవడం పరిష్కారం కాదు. అయితే రచయితలే తెరిచిన దారులు చాలా ఉన్నాయి. 2000లో ఈ ఆట మూల నియమాలను ఇతరులు వాడుకునేందుకు బహిరంగ లైసెన్సు ఇచ్చారు. 2023 జనవరిలో ఆ లైసెన్సును కఠినం చేయబోతే ఆటగాళ్లు, చిన్న ప్రచురణకర్తలు పెద్దఎత్తున ఎదురుతిరిగారు. ఆ నెల 27న సంస్థ వెనక్కి తగ్గి, మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ కింద విడిచిపెట్టింది. 2013లో వచ్చిన ఫేట్ కోర్ అనే ఆట రచయితలు కంప్యూటరు ప్రతికి వెల నిర్ణయించకుండా, మీకు తోచినంత ఇవ్వండన్నారు. అదీ చందా పద్ధతే!

నా అభిప్రాయం మూడు మాటల్లో చెబుతాను. ఒకటి, బల్లకు ఒక అసలు ప్రతి అయినా డబ్బిచ్చి కొనాలి, అది రచయిత సంభావన. రెండు, ఆ డబ్బు ఉమ్మడి సొమ్ము నుంచి రావాలి, శక్తి కొద్దీ ఇచ్చిన చందా నుంచి. మూడు, ఆట నడిపేవాడు శ్రమ ఇస్తున్నాడు గనక అతని దగ్గర డబ్బు అడగకూడదు.

ఈ మాట మన కళాశాలకూ వర్తిస్తుంది. కామన్ రూములో క్యారమ్ బోర్డు గేమ్స్ ఫీజుతో కొన్నదే. స్ట్రైకర్ పట్టుకున్న కుర్రవాణ్ణి, నీ వాటా ఎంతని ఎవరమూ అడగం. పాత్రధారణ ఆటలు మన నగరాల్లోనూ ఆడుతున్నారు. మన విద్యార్థులు ఎవరైనా మొదలుపెడితే, విద్యార్థి సంఘం వారు ఒక పుస్తకాల జత కొని కామన్ రూము బీరువాలో ఉంచాలని నా మనవి. ఆట ఒక్కటే కాదు, విహారయాత్ర, వీడ్కోలు విందు, క్లాసు గ్రూపు ఫొటో, వేటికి "తలా ఇంత" అని చందా పుస్తకం తెరిచినా, కలం పట్టినవారు ఒక్కసారి తల ఎత్తి చూడాలి. అసైన్‌మెంట్లున్నాయని వెళ్లిపోతున్నది ఎవరో గమనించాలి.

ఆ కుర్రవాడు ఇప్పుడు మంచి ఉద్యోగంలో ఉన్నాడు, పండగలకు ఫోను చేస్తాడు. అతను మానేసిన కారణం నాకు తెలుసునని ఇంతవరకు అతనితో అనలేదు. ఈ సావనీరు అతనికి ఒక ప్రతి పంపుతాను.