డాంగ్ అడవికి వెళ్లాలంటే ముందు నదిని అడగాలి

కర్కటరేఖ గాంధీనగర్‌కు కాస్త ఎగువన గుజరాత్‌ను దాటుతుంది. సూరత్ 21 డిగ్రీల దగ్గరే ఉంది కాబట్టి లింబాయత్ గల్లీలో నిల్చున్నవాడు ఉష్ణమండలంలో ఉన్నట్టే లెక్క. 2024 డిసెంబరులో సూరత్ నుంచి బ్యాంకాక్‌కు నేరుగా విమానం మొదలయ్యాక, అడవి, జలపాతం అనగానే ఇక్కడి మన తెలుగువాళ్లలో కొందరికి థాయ్‌లాండ్ గుర్తొస్తోంది. వెళ్లొద్దనను. కానీ సాంచాల (మరమగ్గాల) మీద బతికే ఇంట్లో నలుగురికి పాస్‌పోర్టులు, టికెట్లు అంటే ఎన్ని పగార్లు కావాలో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు. టేకు, వెదురు, సహ్యాద్రి కొండలు, కురిస్తే ఆగని వాన, ఇవన్నీ ఉన్న డాంగ్ జిల్లా మనకు ఒక పూట ప్రయాణం.

మొదట తేల్చుకోవాల్సింది తేదీ. ఎక్కడికి వెళ్లాలన్నది ఆ తర్వాతి మాట. సూరత్‌లో ఉన్నవాళ్లం తాపీ నదిని ఉకాయి ఆనకట్ట గేట్లను బట్టి చూడటానికి అలవాటు పడ్డాం. 2006 వరద చూసినవాళ్లకు ఉకాయి నుంచి ఎంత నీళ్లు వదిలారన్నదే ఇప్పటికీ మొదటి ప్రశ్న. డాంగ్‌లో ఆ లెక్క పనికిరాదు. పూర్ణా, అంబికా నదులకు కొండల్లో అలాంటి పెద్ద జలాశయం లేదు. పార్–తాపీ–నర్మదా నదుల అనుసంధానం కింద కట్టాలనుకున్న ఆనకట్టలకు ఆదివాసీలు ఎదురు తిరిగారు. 2022లో ప్రభుత్వం ఆ పథకాన్ని పక్కన పెట్టింది. కాబట్టి పైన పడ్డ వాన పడ్డట్టే కిందికి దిగుతుంది. పొద్దున మోకాలి లోతున్న వాగు మధ్యాహ్నానికి దాటరాకుండా పోవచ్చు. మీ నెత్తిన ఎండ కాస్తున్నా సరే, ఎగువన మబ్బు నల్లగా ఉంటే నీళ్లలో దిగకూడదు.

జూలై, ఆగస్టు నెలల్లో వఘయీ దగ్గరి గిరా జలపాతం ఉగ్రంగా ఉంటుంది. ఫొటోలకు బాగుంటుంది గానీ పిల్లలతో నడకకు కాదు. దీపావళికి సాంచాలు ఆగుతాయి కాబట్టి అందరూ అప్పుడే బయల్దేరతారు. అప్పటికి ధార సన్నబడుతుంది, కొండ మీది విహార కేంద్రం సాపుతారాలో గదులు దొరకవు. నన్నడిగితే గణపతి నిమజ్జనానికీ బతుకమ్మకూ మధ్య వచ్చే పక్షం రోజులు చూడమంటాను. అవి పితృపక్షం, ప్రయాణాలు వద్దని ఇంట్లో పెద్దవాళ్లు అనవచ్చు. వాళ్లను ఒప్పించడం మీ పని. అడవి మాత్రం అప్పుడే పచ్చగా ఉంటుంది, వాన తెరిపి ఇస్తుంది, రద్దీ ఉండదు.

తర్వాత బస. అటవీ శాఖ ఎకో క్యాంపుసైట్లలో మూడింటిని చూడొచ్చు: మాండ్వీ తాలూకాలోని కేవడీ, ఉనాయి దగ్గర అంబికా ఒడ్డున ఉన్న పదమ్‌డుంగరీ, పూర్ణా ఒడ్డున ఉన్న మహాల్. పిల్లలు చిన్నవాళ్లయితే పదమ్‌డుంగరీ నయం. నడవగలిగినవాళ్లు మహాల్‌కే వెళ్లాలి. 160 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న పూర్ణా అభయారణ్యం దాని చుట్టూనే ఉంటుంది. ఏజెంటును పట్టుకోకండి. అటవీ శాఖ ద్వారానే గది రాయించుకోండి. వానల్లో లోపలి దారులు తెరిచి ఉన్నాయో లేదో కూడా వాళ్లే చెప్పాలి. బయల్దేరే ముందురోజు క్యాంపుకు మళ్లీ ఫోన్ చేసి, 'కాకా, నదీమా పాణీ కేటలుం ఛే?' (నదిలో నీళ్లెంత ఉన్నాయి?) అని అడగండి. నీళ్లు దిగలేదంటే ప్రయాణం వాయిదా వేసుకోండి. అడ్వాన్సు పోతే పోయింది.

దారి విషయంలో నాకు పక్షపాతం ఉంది. కారు వద్దు, బిలిమోరా దాకా మామూలు రైలు, అక్కడి నుంచి వఘయీకి చిన్న గేజి రైలు ఎక్కండి. పట్టాల మధ్య రెండున్నర అడుగులే ఎడం. డాంగ్ టేకు దుంగలను దించుకోవడానికి బరోడా గాయక్వాడ్ల కాలంలో వేసిన దారి ఇది. 2020లో కరోనాతో ఆగింది, ఇక మూసేస్తారనుకున్నారు, జనం పట్టుబడితే మరుసటి ఏడాది మళ్లీ కదిలింది. 63 కిలోమీటర్లకు సుమారు మూడు గంటలు పడుతుంది. పదమ్‌డుంగరీ వెళ్లేవాళ్లు ఉనాయిలో దిగితే వేడినీటి గుండం కూడా చూడొచ్చు. మహాల్‌కైతే వఘయీ నుంచి ఆహ్వా మీదుగా ఎస్‌టీ బస్సో జీపో పట్టుకోవాలి. రైలు వేళలు మారుతుంటాయి, ఇంట్లోనే చూసుకుని బయల్దేరండి.

సంచి సర్దడం సూరత్‌వాళ్లకు తేలిక. వాన నడకలో నూలు గుడ్డ తడిసి బరువెక్కి తొడలు ఒరుస్తుంది. పాలిస్టర్ ఇట్టే ఆరిపోతుంది, అది మన ఊళ్లో గజాల లెక్కన దొరుకుతుంది. పట్టు ఉన్న బూట్లు, టార్చి, ఓడోమాస్, నగదు సరిపోతాయి. అడవిలో ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోలేం, అందుకని చెల్లింపులకు చిల్లర నోట్లు ఉంచుకోండి. సకినాలు, సర్వపిండి స్టీలు డబ్బాల్లో పెట్టుకుంటే కవర్లు ఉండవు.

అయితే తిండి మొత్తం మోసుకెళ్లొద్దు. ముందే చెబితే అక్కడివాళ్లు నాగ్లీ రొట్లా, మినప్పప్పు వండి పెడతారు. నాగ్లీ అంటే మన రాగులే. పిండిని నీళ్లతో తడిపి, అరచేతుల మధ్య తిప్పుతూ తట్టి, మట్టి పెనం మీద వేస్తారు. అంచులు మాడి మధ్యలో పొంగినప్పుడు దించుతారు. సంగటి తిని పెరిగిన నాలుకకు కొత్తేమీ ఉండదు గానీ, వెల్లుల్లి పచ్చడి మంట మాత్రం వేరు. ఎకో టూరిజం అన్న బోర్డు కంటే, మీ రూపాయి ఆ పొయ్యి దాకా చేరిందా లేదా అన్నదే నేను చూస్తాను.

నడకకు ఊరి మనిషిని తోడు తీసుకోండి, తెల్లవారగానే బయల్దేరండి. 1884 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్న ఫారెస్ట్ ఔలెట్ అనే చిన్న గుడ్లగూబ 1997లో పక్కనే, ఇప్పటి నందుర్బార్ జిల్లాలో దొరికింది, ఆ తర్వాత డాంగ్‌లోనూ కనిపించింది. అది పగలే తిరుగుతుంది. ఆకులు రాలని కాలంలో కనబడుతుందని ఆశ పెట్టుకోనక్కర్లేదు. కానీ స్పీకర్లో పాటలు పెట్టుకుని నడిస్తే కోతి కూడా కనబడదు.

సాపుతారా కలుపుకోవాలంటే రెండో రోజు పగలు కలుపుకోండి. 2025 ఫిబ్రవరిలో తెల్లవారుజామున అక్కడి ఘాట్ రోడ్డులో యాత్రికుల బస్సు లోయలో పడి ప్రాణాలు పోయాయి. వానలో మంచు దిగితే ముందున్న బండి లైటు కూడా కనబడదు. మధ్యాహ్నం భోజనం కాగానే కొండ దిగేయాలి. రోప్‌వే వరుస పొడుగ్గా ఉంటే దాన్ని వదిలేయండి, వఘయీ బస్సును మాత్రం వదలొద్దు.